ఎంఎక్స్-5 కి ఐటీబీలు: బిగింపు నుంచి ట్యూనింగ్ దాకా, వరుస తప్పకుండా

నాలుగు సిలిండర్లకు విడివిడిగా నాలుగు థ్రాటిల్ బాడీలు (ఐటీబీలు, అంటే గాలి దారిని తెరిచి మూసే ప్లేట్లున్న గొట్టాలు) బిగించాక వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: "స్లో నిలబడట్లేదు, మ్యాప్ సరిచేయాలేమో." స్లో అంటే పెడల్ వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, ఐడిల్. చాలాసార్లు మ్యాప్‌లో (ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని పెట్రోల్, స్పార్క్ పట్టికలో) తప్పేమీ ఉండదు. ఎక్కడో ప్యాకింగ్ దగ్గర గాలి లాగుతుంటుంది, లేదా ఒక ప్లేటు మిగతా మూడింటికంటే వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకుని ఉంటుంది. నాలుగు సిలిండర్లూ ఒకే కొలతలో గాలి పీల్చే వరకు ల్యాప్‌టాప్ తెరవకండి. గాలి ముందు, పెట్రోల్ తర్వాత. కింద చెప్పిన వరుసంతా దీని మీదే నడుస్తుంది.

ఉదాహరణకి మొదటి తరం మజ్డా ఎంఎక్స్-5 తీసుకున్నాం. 1.6 లీటర్ల బీ6 ఇంజిన్, 1597 సీసీ, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. బాడీలు 45 మిల్లీమీటర్లవి, వెబర్ డీకోఈ కార్బ్యురేటర్ బోల్టు ప్యాటర్న్‌వి. ఈ కారు ఇండియాలో అమ్మలేదు కాబట్టి ఇది ఎక్కువగా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్లకి పనికొస్తుంది. ఇంకో నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయినా పని వరుస మాత్రం ఇదే.

ఒక మాట ముందే. స్టాక్ క్యామ్‌లు, స్టాక్ ఎగ్జాస్ట్ అలాగే ఉంచితే గుర్రాల లెక్క పెద్దగా పెరగదు. పెడల్‌కి ఇంజిన్ పలికే తీరు మారుతుంది. పవర్ కావాలంటే క్యామ్‌ల ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

## 1. మొదలుపెట్టే ముందు

అలిసిపోయిన ఇంజిన్ మీద ఐటీబీలు పెడితే పాత జబ్బులన్నీ ఐటీబీల ఖాతాలో పడతాయి. ముందు ఇవి చూసుకోండి:

- కంప్రెషన్ టెస్ట్: ఇంజిన్ వేడిగా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి. నాలుగింటి మధ్య తేడా 10 శాతం దాటకూడదు.
- ప్లగ్గులు కొత్తవి, గ్యాప్ 1.0–1.1 మిల్లీమీటర్లు. ప్లగ్ వైర్లు పాతవైతే మార్చండి.
- ఎగ్జాస్ట్‌లో లీకు ఉండకూడదు. ఉంటే వైడ్‌బ్యాండ్ సెన్సార్ (ఎగ్జాస్ట్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి కొలిచేది) బయటి గాలిని చూసి 'లీన్' (పెట్రోల్ తక్కువ) అని అబద్ధం చెబుతుంది.
- టైమింగ్ బెల్టు గడువు దగ్గరపడితే అది కూడా ఇప్పుడే.

చట్టం సంగతి. కాలిఫోర్నియాలో కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చే ఈఓ (అనుమతి ఉత్తర్వు) నంబరు లేని ఇన్‌టేక్‌తో స్మాగ్ చెక్కుకి వెళ్తే కంటితో చూసే పరీక్షలోనే పోతుంది. మిగతా చోట్ల స్థానిక నిబంధనలు, ఇన్సూరెన్స్ కంపెనీ షరతులు చదివాకే డబ్బు కట్టండి.

## 2. ఏమేం కావాలి

- థ్రాటిల్ బాడీలు, బీ6 హెడ్‌కి సరిపడే మ్యానిఫోల్డ్, ట్రంపెట్లు (బాడీల మూతికి బిగించే గాలి గొట్టాలు), ఫిల్టర్ లేదా ఎయిర్ బాక్సు
- సొంతంగా మ్యాప్ రాసుకునే ఈసీయూ (మెగాస్క్విర్ట్ లాంటిది)
- వేరియబుల్ టీపీఎస్ (థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సార్)
- ఓపెన్ ఎలిమెంట్ ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సార్
- వైడ్‌బ్యాండ్ కిట్, బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సార్‌తో
- ఇంజెక్టర్లు, ఫ్యూయల్ రైలు, ఆర్9 రకం ఇంజెక్షన్ హోసు, దానికి తగ్గ క్లాంపులు
- వ్యాక్యూమ్ బ్లాకు, నాలుగు సన్నటి హోసులు, రెస్ట్రిక్టర్లు (హోసు దారిని సన్నం చేసే ముక్కలు)
- క్యాచ్ క్యాన్ (ఇంజిన్ వదిలే గాలిలోని నూనెని పట్టే డబ్బా)
- సింక్రోమీటర్, టైమింగ్ లైటు, మల్టీమీటర్

ఇంజెక్టర్ సైజు ఇలా లెక్కేయండి. క్యామ్‌లు కూడా మార్చి 140 గుర్రాలు ఆశిస్తున్నారనుకుందాం. గుర్రానికి గంటకు 0.5 పౌండ్ల పెట్రోల్ చొప్పున మొత్తం 70 పౌండ్లు. నాలుగుతో భాగించి, 80 శాతం డ్యూటీకి (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయపు వాటాకి) సర్దితే ఒక్కో ఇంజెక్టర్‌కి సుమారు 22 పౌండ్లు, అంటే నిమిషానికి 230 సీసీ. 240 నుంచి 300 సీసీ మధ్యవి తీసుకుంటే చాలు. 550 సీసీవి చవగ్గా దొరికాయని పెడితే స్లోలో పల్స్ మరీ చిన్నదైపోతుంది, ఇంజిన్ దడదడలాడుతుంది.

సింక్రోమీటర్ దగ్గర పొదుపు చేయకండి. ఎస్‌కే రకం చాలు, ఇంజిన్ పీల్చే గాలిని గంటకు కిలోల్లో చూపిస్తుంది. పెద్ద బైకుల మెకానిక్‌ల దగ్గర ఉండే నాలుగు డయళ్ల వ్యాక్యూమ్ గేజ్ సెట్టు కూడా పనికొస్తుంది.

## 3. పాతవి విప్పడం: ఏది ఏ పని చేసేదో చూసుకుని

విప్పే పని తేలిక. విప్పిన భాగం అప్పటిదాకా ఏమేం చేస్తోందో మర్చిపోవడమే ఇక్కడ అసలు తప్పు.

ముందు ఇంజిన్ నడుస్తుండగా ఫ్యూయల్ పంపు రిలే ఊడదీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా ఉంచండి. లైనులో ప్రెషర్ దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయండి.

ఎయిర్ ఫ్లో మీటర్: 1.6 లో ఇది రేకు తలుపులాంటిది. మూడు పనులు చేస్తుంది. ఒకటి గాలి కొలత. రెండు, ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సార్ దాని లోపలే ఉంటుంది. మూడోది అందరూ మర్చిపోయేది: ఫ్యూయల్ పంపు స్విచ్చి కూడా అందులోనే. తలుపు కదిలితేనే పంపు తిరుగుతుంది. మీటర్ తీసేశాక పంపు రిలేని కొత్త ఈసీయూ నడపాలి. "సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావట్లేదు" అన్నప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

పాత థ్రాటిల్ బాడీ: ఐడిల్ వాల్వు దీని కిందే ఉంటుంది, దానికి కూలెంట్ హోసులు రెండు వస్తాయి. ఆ రెండింటినీ కలిపి లూప్ చేయండి. ఒకదానికి బిరడా కొట్టి వదిలేయకండి.

టీపీఎస్: మాన్యువల్ గేర్‌బాక్సు 1.6 లో ఉన్నది నిజానికి సెన్సార్ కాదు, స్విచ్చి. 'పూర్తిగా మూసింది', 'దాదాపు పూర్తిగా తెరిచింది' అన్న రెండే మాటలు చెబుతుంది. ఐటీబీలకి అది పనికిరాదు.

విప్పిన ప్రతి హోసుకీ టేపు చుట్టి పేరు రాయండి. ఫొటోలు తీసినా సరే, రాయండి. హెడ్ పోర్టుల్లో గుడ్డ కుక్కే ముందు అది ఒకే ముక్కో కాదో చూసుకోండి, పీలికలు ఊడి లోపల పడితే హెడ్ విప్పాల్సి రావచ్చు.

## 4. మ్యానిఫోల్డ్, బాడీలు

పోర్టు పొంతన. ప్యాకింగ్‌ని హెడ్ మీద, తర్వాత మ్యానిఫోల్డ్ మీద పెట్టి చూడండి. ప్యాకింగ్ అంచు గాలి దారిలోకి పొడుచుకు రాకూడదు. వస్తే బ్లేడుతో కోయండి.

ముఖం చదును. మ్యానిఫోల్డ్ రెండు ముఖాల మీదా స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురు వైపు చూడండి. వెల్డింగ్ చేసిన మ్యానిఫోల్డ్‌లు వంగి ఉండటం మామూలే. 0.1 మిల్లీమీటరు ఫీలర్ గేజ్ దూరితే ముఖం చదును చేయించండి. సీలెంట్ దట్టించి సరిపెడితే నెల రోజుల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు.

బిగింపు. మధ్య నట్ల నుంచి బయటికి, రెండు విడతల్లో. చివరి టార్కు 19–25 న్యూటన్ మీటర్లు.

కార్బ్యురేటర్‌కి వాడే రబ్బరు మౌంటు ప్లేట్లు ఇక్కడ అక్కర్లేదు. అవి ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ నురగ కట్టకుండా ఉండటానికి. థ్రాటిల్ బాడీలో గిన్నె లేదు, మామూలు ప్యాకింగ్‌తో గట్టిగా బిగించవచ్చు. రబ్బరు ఓ-రింగులు కాలం గడిచేకొద్దీ గాలి లాగే చోట్లవుతాయి.

స్టే. స్టాక్ మ్యానిఫోల్డ్‌కి కింద ఒక సపోర్టు ఉంటుంది. కొత్తదానికీ ఒకటి చేయించండి. నాలుగు బాడీలు, రైలు, ఎయిర్ బాక్సు కలిసి హెడ్ స్టడ్ల మీద వేలాడితే 7000 ఆర్‌పీఎం దగ్గరి వణుకుకి ముందు ప్యాకింగ్, తర్వాత మ్యానిఫోల్డ్ పగులుతాయి.

ట్రంపెట్ పొడవు. వాల్వు నుంచి ట్రంపెట్ మూతి దాకా మొత్తం దూరం 9000 ఆర్‌పీఎం ఇంజిన్‌కి సుమారు 350 మిల్లీమీటర్లు అని ఒక మోటు లెక్క. ఆర్‌పీఎం తగ్గితే ఆ నిష్పత్తిలో పొడవు పెరగాలి. 7000 కి 450 వస్తుంది. ఈ కారు బానెట్ కింద అంత చోటు లేదు. అందుకే పట్టినంత పొడవు పెట్టండి, కానీ మూతికీ ఎదురుగా ఉన్న గోడకీ మధ్య కనీసం ఒక బోరు వ్యాసమంత, అంటే 45 మిల్లీమీటర్లు వదలండి. మూతిని గోడకి ఆనించిన పొడుగు ట్రంపెట్ కంటే ఊపిరాడే పొట్టి ట్రంపెట్ మేలు.

కుడి స్టీరింగ్ కారులో బ్రేక్ బూస్టర్ కూడా ఇన్‌టేక్ ఉన్న వైపే వస్తుంది. కొనే ముందే అట్టముక్కతో నమూనా కత్తిరించి పెట్టి చూడండి. ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు తగలకపోతే సరిపోదు, ఓ 15 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.

ఫిల్టర్ లేకుండా వీధిలోకి వెళ్లకండి. ప్లేటు దాటిన చిన్న రాయి నేరుగా వాల్వు దగ్గరికే పోతుంది, మధ్యలో అడ్డు ఏదీ లేదు.

## 5. లింకేజి, ఎక్సలేటర్ కేబుల్

బాడీలు ఇంకా బల్ల మీద ఉండగానే ఈ పని చేయాలి. చాలామంది దాటేసేదీ ఇదే.

బైపాస్ స్క్రూలన్నీ (ప్లేటుని దాటించి కొద్దిగా గాలి వదిలేవి) పూర్తిగా లోపలికి తిప్పి మూయండి. ఐడిల్ స్టాప్ స్క్రూ వెనక్కి లాగండి. ఇప్పుడు ఒక్కో ప్లేటుని దీపానికి ఎదురుగా పట్టుకోండి. అంచు చుట్టూ వెలుతురు గీత సమానంగా, సన్నగా ఉండాలి. ఒక పక్క మందంగా, ఒక పక్క అసలు లేకుండా ఉంటే ప్లేటు స్పిండిల్ మీద పక్కకి జరిగింది. దాని స్క్రూలు వదులు చేసి, ప్లేటుని మూసి, దానంతటదే మధ్యకి సర్దుకున్నాక లాక్‌టైట్ పెట్టి బిగించండి. ఈ స్క్రూ ఊడితే పడేది ఇంజిన్‌లోనే.

తర్వాత కాగితం పరీక్ష. రశీదు కాగితం సన్నటి పట్టీలు నాలుగు కోసి, ప్రతి ప్లేటు అంచు కింద ఒకటి పెట్టి మూయండి. ఒక్కోటి లాగుతూ చూడండి. నాలుగూ ఒకే పట్టుతో రావాలి. ఏదైనా జారిపోతుంటే ఆ జత లింకు సర్దాలి. ఇది చివరి సింక్ (నాలుగింటి గాలి సమానం చేయడం) కాదు, కానీ ఇక్కడ పది నిమిషాలు పెడితే అక్కడ గంట మిగులుతుంది.

కేబుల్ బిగించాక:

- పెడల్ వదిలినప్పుడు కేబుల్‌లో 1–2 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. బిగుతుగా ఉంటే ప్లేట్లు ఎప్పటికీ పూర్తిగా మూసుకోవు.
- ఒకరు లోపల కూర్చుని పెడల్ పూర్తిగా తొక్కాలి, ఇంకొకరు ప్లేట్లు చూడాలి. చేత్తో లింకు తిప్పి 'పూర్తిగా తెరుచుకుంది' అనుకోవద్దు.
- పెడల్ కింద స్టాపు ఉండాలి. లేకపోతే కాలి బలమంతా స్పిండిల్ మీద పడి అది మెలి తిరుగుతుంది.
- రిటర్న్ స్ప్రింగులు రెండు. ఒకటి తెగినా రెండోది మూయగలగాలి.
- స్టీరింగ్ రెండు వైపులా తిప్పి, ఇంజిన్‌ని చేత్తో ఊపి, కేబుల్ ఎక్కడా లాగట్లేదని చూడండి.

## 6. వ్యాక్యూమ్: బ్రేకు ముందు, మిగతావి తర్వాత

స్టాక్ మ్యానిఫోల్డ్‌లో నాలుగు సిలిండర్లకీ ఉమ్మడి గది ఉండేది. ఇప్పుడు లేదు. ఒక్కో రన్నర్‌లో వ్యాక్యూమ్ దడదడ కొట్టుకుంటూ వస్తుంది. దాన్ని పోగేసి వాడాలి.

బ్రేక్ బూస్టర్. నాలుగు రన్నర్ల నుంచి హోసులు ఒక బ్లాకులోకి, అక్కడి నుంచి బూస్టర్‌కి. ఈ దారిలో రెస్ట్రిక్టర్ పెట్టకండి. స్టాక్ హోసులో దాగి ఉండే వన్-వే వాల్వుని పాత హోసుతో పాటు పారేయకండి. దాని మీది బాణం ఇంజిన్ వైపు ఉండాలి. పరీక్ష: ఇంజిన్ స్లోలో ఉండగా బ్రేకు వెంటవెంటనే నాలుగుసార్లు తొక్కండి. పెడల్ రాయిలా గట్టిపడితే కారు కదిలించవద్దు.

మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది, పైన చెప్పిన పట్టిక కాదు). దీనికి వేరే చిన్న బ్లాకు. ఒక్కో రన్నర్ నుంచి వచ్చే సన్నటి హోసులో సుమారు 1 మిల్లీమీటర్ రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ పెడితే సిగ్నల్ నిలకడగా ఉంటుంది.

ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్. టీపీఎస్ మీదే నడిపే మ్యాప్ అయితే దీని వ్యాక్యూమ్ హోసు తీసేసి గాలికి వదలండి, ఇంజిన్ వైపు రంధ్రం మూయండి. ప్రెషర్ ఎప్పుడూ ఒకటే ఉంటే లెక్క తప్పదు.

పీసీవీ (క్రాంక్‌కేసు గాలి బయటికి పోయే దారి). ఆ గాలిని ఒక్క రన్నర్‌లోకి వదిలితే ఆ సిలిండర్ ఒక్కటీ నూనె తాగుతుంది, దాని గాలి లెక్కా తప్పుతుంది. రెండు బ్రీదర్లనీ క్యాచ్ క్యాన్‌కి కలపండి.

## 7. పెట్రోల్ లైను, వైరింగ్

ఇంజెక్టర్ ఓ-రింగులకి ఇంజిన్ ఆయిల్ చుక్క రాసి, మెలిపెట్టకుండా నిటారుగా నొక్కండి. రైలు బిగించాక ఇంజెక్టర్ వేళ్లతో కొద్దిగా తిరగాలి. డయాగ్నొస్టిక్ బాక్సులో ఎఫ్/పీ, గ్రౌండ్ పిన్నులు కలిపి పంపు నడిపించి, ప్రతి జాయింటునీ పొడి టిష్యూతో తుడిచి చూడండి. తడి తగిలితే ఆపి సరిచేయండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేంత దూరంలో ఉండాలి.

టీపీఎస్‌కి మూడు వైర్లు: 5 వోల్టులు, సిగ్నల్, సెన్సార్ గ్రౌండు. ఈ గ్రౌండు ఈసీయూకే వెళ్లాలి, కారు బాడీకి కాదు. బాడీకి కొడితే ఫ్యాను ఆన్ అయిన ప్రతిసారీ రీడింగు ఎగురుతుంది.

ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సార్ ట్రంపెట్లు పీల్చే గాలిలో ఉండాలి. మ్యానిఫోల్డ్ లోహంలో గుచ్చితే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వేడెక్కి, ఈసీయూ పెట్రోల్ తగ్గించేస్తుంది.

వైడ్‌బ్యాండ్ నాలుగు పైపులూ కలిసిన తర్వాత ఉండాలి, తల పైకి, అడ్డం నుంచి కనీసం 10 డిగ్రీల వాలుతో. కింద నుంచి బిగిస్తే నీరు దిగి సెన్సార్ పగులుతుంది.

## 8. సెల్ఫ్ కొట్టే ముందు ఈసీయూలో

టీపీఎస్ కాలిబ్రేషన్. మూసినప్పుడు 0.5 వోల్టుల దగ్గర, పూర్తిగా తెరిచినప్పుడు 4.5 దగ్గర రావాలి. మధ్యలో ఎక్కడా గెంతకూడదు. ఐడిల్ స్టాప్ స్క్రూ ముట్టుకున్న ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

రిక్వైర్డ్ ఫ్యూయల్ (సిలిండర్ నిండా గాలికి ఇంజెక్టర్ తెరిచి ఉండాల్సిన సమయం). 1597 సీసీ, నాలుగు సిలిండర్లు, 300 సీసీ ఇంజెక్టర్లు, 14.7 గాలి-పెట్రోల్ నిష్పత్తికి సుమారు 8.7 మిల్లీసెకన్లు వస్తుంది. మీకు 15 వస్తే ఎక్కడో అంకె తప్పు పడింది. ఇంజెక్టర్ డెడ్ టైమ్ (తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) అమ్మినవాళ్లు ఇచ్చిన పట్టికలోంచే వేయండి.

లోడ్ దేని మీద లెక్కేయాలి? ఐటీబీ మ్యాపింగ్ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మామూలు కారులో మ్యాప్ సెన్సార్ చాలు. ఇక్కడ 2000 ఆర్‌పీఎం దగ్గర పెడల్ ఐదో వంతు తొక్కేసరికే మ్యాప్ సెన్సార్ 95 కేపీఏ చూపిస్తుంది. అక్కడి నుంచి పూర్తిగా తొక్కినా అంకె పెద్దగా కదలదు. అందుకే టీపీఎస్, ఆర్‌పీఎం మీద నడిచే ఆల్ఫా-ఎన్ వాడతారు. మెగాస్క్విర్ట్‌లో ఐటీబీ మోడ్ కూడా ఉంది: తక్కువ లోడ్‌లో మ్యాప్ సెన్సార్, సుమారు 90 కేపీఏ దాటాక టీపీఎస్. వీధి కారుకి అదే నయం, కానీ మ్యాప్ సిగ్నల్ నిలకడగా ఉంటేనే. మొదటిసారి చేసేవాళ్లు ఆల్ఫా-ఎన్‌తో మొదలుపెట్టండి.

ఆల్ఫా-ఎన్‌లో టీపీఎస్ గడులు సమాన దూరంలో పెడితే పని పాడైనట్టే. గాలి మార్పంతా కింది 20 శాతంలోనే ఉంటుంది. ఇలా పెట్టండి: 0, 1.5, 3, 5, 7, 10, 14, 20, 28, 40, 60, 100.

ఎత్తు. ఆల్ఫా-ఎన్‌కి ఊరు ఎంత ఎత్తులో ఉందో తెలియదు. సముద్రమట్టం నుంచి 1600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌కి వెళ్తే గాలి ఒత్తిడి 17 శాతం పైనే తగ్గుతుంది. విశాఖ నుంచి హైదరాబాద్ రావడానికే ఆరు శాతం. బారోమెట్రిక్ కరెక్షన్ ఆన్ చేయండి. కుదిరితే దానికోసం ప్రత్యేకంగా రెండో సెన్సార్ పెట్టండి. కీ ఆన్ చేసినప్పుడు ఒక్కసారే చదివే పద్ధతిలో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మధ్యలో రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయిపోతుంది.

## 9. మొదటి స్టార్ట్, టైమింగ్

ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టండి. ఆర్‌పీఎం సిగ్నల్ వస్తోందో లేదో ఇక్కడే తెలుస్తుంది. తర్వాత కనెక్టర్లు పెట్టి స్టార్ట్ చేయండి. కొద్దిగా పెడల్ పట్టుకోవాల్సి రావచ్చు.

స్టార్ట్ అయ్యాక మొదటి పని పెట్రోల్ కాదు, టైమింగ్. ఈసీయూలో టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర ఫిక్స్ చేసి, లైటు కొట్టి, క్రాంక్ పుల్లీ గాటు కవరు మీది 10 గుర్తుకి ఎదురుగా ఉందేమో చూడండి. లేకపోతే హెడ్ వెనకున్న క్యామ్ యాంగిల్ సెన్సార్ లాక్ బోల్టు వదులు చేసి తిప్పి సరిచేయండి. స్టాక్ ఈసీయూకి డయాగ్నొస్టిక్ బాక్సులో టీఈఎన్, గ్రౌండ్ కలిపితే సరిపోయేది. కొత్త ఈసీయూకి ఆ తీగ అర్థం కాదు, సాఫ్ట్‌వేర్‌లోనే ఫిక్స్ చేయాలి. సరిచూశాక ఫిక్స్ తీసేయడం మర్చిపోవద్దు. 10 డిగ్రీల మీదే రోడ్డెక్కితే కారు ఈడుస్తుంది, ఎగ్జాస్ట్ ఎర్రగా కాలుతుంది.

## 10. సింక్: తొందరపడకూడని చోటు

కూలెంట్ 85 డిగ్రీలు దాటాకే. చల్లటి ఇంజిన్ మీద చేసిన సింక్, లోహం వ్యాకోచించి లింకు జరిగాక పనికిరాదు. ఫిల్టర్ తీయండి, ఫ్యాను, లైట్లు ఆపండి.

1. ముందు లీకు వెతకండి. స్మోక్ మెషిన్ ఉంటే ఉత్తమం. లేకపోతే కార్బ్యురేటర్ క్లీనర్‌ని ప్యాకింగ్ అంచుల మీద చిటికెడు చిటికెడు కొట్టండి. ఆర్‌పీఎం మారిన చోటే లీకు. ఎగ్జాస్ట్ వైపు మాత్రం కొట్టకండి, మంట అంటుకుంటుంది.
2. బైపాస్ స్క్రూలు నాలుగూ మూసి ఉంచి, స్టాప్ స్క్రూతో 1000 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టండి.
3. సింక్రోమీటర్‌ని ఒక్కో ట్రంపెట్ మీద నిటారుగా, పక్కల నుంచి గాలి పోకుండా నొక్కి చదవండి. స్లోలో సుమారు 3 నుంచి 5 కిలోల మధ్య ఉంటుంది. నాలుగు అంకెలూ కాగితం మీద రాయండి.
4. ముందు జతల మధ్య తేడా లింకు స్క్రూతో తీసేయండి. 1, 2 ఒక జత. 3, 4 ఒక జత.
5. ఆ తర్వాత, అన్నింటికంటే ఎక్కువ పీలుస్తున్న సిలిండర్‌ని వదిలేసి, మిగతా మూడింటి బైపాస్ స్క్రూలు కొద్దికొద్దిగా తెరుస్తూ దాని అంకెకి తీసుకురండి. ఎక్కువదాన్ని తగ్గించే ప్రయత్నం చేయవద్దు, దాని స్క్రూ ఇప్పటికే మూసి ఉంది.
6. ఆర్‌పీఎం పెరిగి ఉంటుంది. స్టాప్ స్క్రూతో దించి, మళ్లీ కొలవండి.
7. 2500–3000 దగ్గర పట్టుకుని మళ్లీ కొలవండి.

ఏడో మెట్టు జబ్బు పేరు చెబుతుంది. స్లోలో సమానంగా ఉండి 2500 దగ్గర తేడా వస్తే తప్పు లింకులోనో ప్లేటు కోణంలోనో ఉంది, మీరు దాన్ని బైపాస్‌తో కప్పిపుచ్చారు. మళ్లీ నాలుగో మెట్టుకి. 2500 దగ్గర బాగుండి స్లోలోనే తేడా ఉంటే అది బైపాస్ పని, తేలిక. ఒక సిలిండర్ స్క్రూ మూడు, నాలుగు చుట్లు తెరిచినా అందుకోకపోతే ఆ ప్లేటు మధ్యలో కూర్చోలేదు, లేదా ఆ సిలిండర్‌లోకి బయటి నుంచి గాలి పోతోంది.

అయ్యాక లాక్ నట్లు బిగించండి. బిగించేటప్పుడు స్క్రూ తిరుగుతుంది కాబట్టి చివరిగా ఇంకోసారి కొలవండి. టీపీఎస్ కాలిబ్రేషన్ మళ్లీ.

## 11. ఫ్యూయల్ టేబుల్

గాలి-పెట్రోల్ నిష్పత్తి లక్ష్యాలు: స్లోలో 13.2–13.8, నిదానంగా పోయేటప్పుడు 14.2–14.7, పూర్తి తొక్కులో 12.6–12.9. పెద్ద క్యామ్ ఉంటే స్లోలో కాలని గాలి బయటికి పోయి వైడ్‌బ్యాండ్ లీన్ చూపిస్తుంది. అప్పుడు అంకె వెంట పడకుండా ఇంజిన్ ఎక్కడ నున్నగా తిరుగుతుందో అక్కడ ఆపండి.

ప్రతి గడికీ లెక్క ఒకటే: పాత వీఈని (సిలిండర్ ఎంత శాతం గాలితో నిండుతుందో చెప్పే అంకెని) చూపిస్తున్న నిష్పత్తితో గుణించి, కావాల్సిన నిష్పత్తితో భాగించాలి. గడిలో 62 ఉంది, 14.2 చూపిస్తోంది, 13.0 కావాలి. 62 × 14.2 ÷ 13.0 = 67.7. అంతే.

వరుస: స్లో గడులు, వాటి చుట్టూ ఉన్నవి, తర్వాత సమతలం రోడ్డు మీద 2000–4000 తక్కువ థ్రాటిల్, చివరికి పూర్తి థ్రాటిల్. చివరిది డైనో (కారు నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద చేయించండి. రోడ్డు మీద ఒకరు నడుపుతూ ఒకరు ల్యాప్‌టాప్ చూడాలి, ఇద్దరి పనీ ఒక్కరే చేయకూడదు. ఆటోట్యూన్ వాడితే కూలెంట్ 75 డిగ్రీలు దాటాకే నేర్చుకునేలా, పెడల్ కదులుతున్న క్షణాలు వదిలేసేలా పెట్టండి. లేకపోతే పికప్ తప్పులన్నీ టేబుల్‌లోకి ఎక్కుతాయి.

ఐడిల్ వాల్వు లేదు కాబట్టి స్లోని స్పార్క్‌తోనే పట్టుకోవాలి. 1000 దగ్గర 14–16 డిగ్రీలు ఇచ్చి, 700 కి పడితే 20 కి పెరిగేలా రాయండి. పడిపోతున్న ఇంజిన్‌ని ఎక్కువ అడ్వాన్సు పైకి లేపుతుంది. ఆ చుట్టుపక్కల వీఈ గడులు దాదాపు చదునుగా ఉండాలి. పూర్తి లోడ్ టైమింగ్ తక్కువతో మొదలుపెట్టి, డైనో మీద డిగ్రీ చొప్పున పెంచుతూ, టార్కు పెరగడం ఆగిన చోటికి ముందే ఆపండి.

## 12. పికప్, చల్లటి స్టార్ట్

టేబుల్ కుదిరాకే ఎక్సలరేషన్ ఎన్రిచ్‌మెంట్ (పెడల్ తొక్కినప్పుడు ఇచ్చే అదనపు పెట్రోల్). 2000 దగ్గర పెడల్ చటుక్కున తొక్కి లాగ్ చూడండి. నిష్పత్తి ముందు లీన్‌కి ఎగిరి, కారు ఒక క్షణం తలవంచి లేస్తే పెట్రోల్ తక్కువ. లీన్ లేకుండానే రిచ్‌లోకి జారి బరువుగా కదిలితే ఎక్కువ. 10–15 శాతం చొప్పున మార్చండి, ఒకసారికి ఒక్క అంకె.

చల్లటి స్టార్ట్‌కి రోజుకి ఒక్క అవకాశమే. ఉదయం ఒకసారి ప్రయత్నించి, రాసుకుని, మర్నాటికి మార్చండి. మొదటి నిమిషం కాలు పెడల్ మీద పెట్టక తప్పదు. అది నచ్చనివాళ్లు స్టాక్ ఐడిల్ వాల్వుని వేరే బ్రాకెట్ మీద పెట్టి, నాలుగు రన్నర్లకీ సమానంగా గాలి ఇచ్చేలా బ్లాకుకి కలపవచ్చు.

## 13. ఇవి కనిపిస్తే ఇక్కడ చూడండి

స్లో 1800 కంటే దిగట్లేదు. కేబుల్ బిగుతు, బూస్టర్ హోసు, మ్యానిఫోల్డ్ ప్యాకింగ్, ఈ వరుసలో. పెట్రోల్ తగ్గించి స్లో దించాలని చూడకండి.

వేడెక్కాక స్లో పెరుగుతోంది. లింకు రాడ్డు వ్యాకోచించి ప్లేటుని నెడుతోంది. రాడ్డు చివర్లలో కొద్దిగా ఆట వదలండి.

ట్రాఫిక్‌లో ఆగాక మిస్ కొడుతోంది. టెంపరేచర్ సెన్సార్ వేడిని తాగుతోంది. చోటు మార్చండి.

కొద్దిగా తొక్కి పట్టుకుంటే కారు కుదుపుతోంది. టీపీఎస్ కింది గడులు దూరంగా ఉన్నాయి, లేదా టీపీఎస్ గ్రౌండు చెడింది.

ఒక ప్లగ్గు తెల్లగా, మిగతావి గోధుమ రంగు. ఆ సిలిండర్ ప్యాకింగ్ లేదా ఇంజెక్టర్ ఓ-రింగు గాలి లాగుతోంది. వైడ్‌బ్యాండ్ నాలుగింటి సగటే చెబుతుంది, దీన్ని పట్టదు.

ట్రంపెట్ల నుంచి తుపుక్కుమని మంట. లీన్, లేదా టైమింగ్ తప్పు. ఫోమ్ ఫిల్టర్ ఉంటే తక్షణం ఆపండి.

మొదటి 500 కిలోమీటర్లకి మ్యానిఫోల్డ్ నట్లు చల్లటి ఇంజిన్ మీద మళ్లీ టార్కు చూసి, సింక్ ఒకసారి కొలవండి. తర్వాత ఆయిల్ మార్చినప్పుడల్లా నాలుగు అంకెలు రాసి, అదే కాగితం మీద తేదీ వేసుకోండి. ఏ సిలిండర్ పక్కకి జరుగుతోందో స్లో చెడకముందే ఆ కాగితంలో కనిపిస్తుంది.